రెండుసార్లు విరిగిన దవడ

మా ముత్తాత లక్ష్మయ్య, తాత రంగయ్య, నాన్న నర్సయ్య ముగ్గురూ బూర్గంపాడు పక్కన మా ఊరికి పోలీసు పటేళ్ళు. తాత బజారులో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. పటేలగిరీ రద్దయింది. భూములు కరిగాయి. ఒక్క మర్యాద మాత్రం నా దాకా వచ్చింది. బంతి భోజనాల్లో మా ఇంటి పెద్ద మొదటి ముద్ద నమిలి మింగేదాకా మావాళ్ళెవరూ విస్తరిలో చెయ్యి పెట్టరు.

రోగం ఎవరికైనా లోపలి నుంచి వస్తుంది. నాకు గొడ్డలి కామతో వచ్చింది. మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర, బండి దారి గురించి మా చిన్నాయన కొడుకు యాదగిరితో మాట పెరిగింది. నేను వాడి చెంప పగలగొట్టాను. వాడు చేతిలోని గొడ్డలి తిరగేసి, దాని కర్ర కామతో నా ఎడమ దవడ మీద వేశాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు నా చెవి లోపలే వినిపించింది. నోరంతా నెత్తురు. రెండు పళ్ళు మిరపకాయల మీద ఉమ్మేసి వాడి గొంతు పట్టుకున్నాను. కూలీలు విడదీశారు.

"దవాఖానకు పోదాం పట్టుండ్రి" అంది నా భార్య సుభద్ర.

"పోతే పోలీసు కేసంటరు. పటేల్ కొడుకు తన్నులు తిన్నడని స్టేషన్ల రాయిస్తవా?"

ఎముకలు కట్టే మనిషిని ఇంటికి పిలిపించాను. అతను దవడను అరచేత్తో నెట్టి, తలపాగా గుడ్డతో నడినెత్తికి బిగించి కట్టాడు. వాపు తీసింది. నొప్పి పోయింది. నయమైందనుకున్నాను.

ఆ ఎండాకాలం మా చెల్లెలి ఇంట్లో బంతి వేశారు. అందరూ నా వైపు చూస్తున్నారు. ముద్ద పెట్టుకున్నాను. పై పళ్ళు, కింది పళ్ళు కలవలేదు. దవడ ఒక పక్కకు జారింది. మెతుకులు నోట్లోంచి విస్తరి మీద రాలాయి. రెండోసారీ అంతే. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కొట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి గది తలుపు గడియ పెట్టుకుని ఒక్కడినే తిన్నాను. పిలుపులు వచ్చినా పోలేదు. రెండేళ్ళు అలా గడిచాక, ఇక బంతిలో నా చోట యాదగిరిని కూర్చోబెడతారని చెల్లెలు కబురు చేసింది. అప్పుడు ఖమ్మం బస్సెక్కాను.

ఖమ్మంలో పళ్ళ డాక్టరు దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయించి, "మాల్‌యూనియన్ అయింది. ఎముక వంకరగా అతుక్కుంది" అని హైదరాబాదుకు రాసిచ్చారు. అక్కడి సర్జన్ ఒక పెద్దావిడ. ఫిల్మును వెలుతురుకు పెట్టి, "దవడను కోసి, సరైన చోటికి జరిపి, ప్లేట్లు వేసి బిగించాలి. ఆస్టియోటమీ అంటారు" అన్నారు.

"అంటే మళ్ళ విరగ్గొడ్తరా?"

"ఒక రకంగా అంతే."

"నయమే. మీరు చెప్పి కొడుతున్నరు."

ఆమె నవ్వలేదు. ముందు పళ్ళు సర్దుకోవాలని బ్రేసెస్ వేయించారు. నలభై దాటిన మనిషి నోట్లో ఇనుప తీగలు. లోపల పెదవి రోజూ గీరుకుపోయేది. నెలకొకసారి తీగ బిగించినప్పుడు రెండు రోజులు జావే ఆహారం. మా ఇంట్లో జావ పాలేళ్ళకు పోసేవాళ్ళు.

ఒకసారి బూర్గంపాడులో బస్సు దిగి టీ తాగుతుంటే యాదగిరి ఎదురయ్యాడు.

"ఏందన్నా, చేన్లకు కంచెలు పోయినయని నోటికి ఏసుకున్నవా?"

టీ గ్లాసు వాడి మొహాన పగిలింది. వాడి పిడికిలి నా మూతి మీద పడింది. పళ్ళకు అతికించిన బ్రాకెట్లు పెదవిలోకి దిగాయి. నేనూ ఊరుకోలేదు.

హైదరాబాదులో పెదవి కుట్టేటప్పుడు ఆ సర్జన్ డాక్టరమ్మ అడిగారు, "ఎలా జరిగింది?"

"పడ్డ."

"పడ్డవాళ్ళ పిడికిళ్ళ మీద పంటి గాట్లుండవు. ప్లేట్లు వేశాక ఇలా పడితే నా దగ్గరికి రాకండి." ఆపరేషన్ నాలుగు నెలలు వాయిదా పడింది.

ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, గొంతులో నెత్తురు వాసన. మొహం కుండంత వాచింది. పై పళ్ళను కింది పళ్ళను వైర్లతో కలిపి కట్టేశారు. కళ్ళు తప్ప నావి అనుకోవడానికి ఏమీ లేవు. సుభద్ర సిరంజితో బుగ్గ సందులోంచి జావ పట్టేది.

డిశ్చార్జి రోజున డాక్టరమ్మ చిన్న వైర్ కటర్ ఆమె చేతిలో పెట్టారు. "ఇది మీ కొంగున ఉండాలి. వాంతి వస్తే ముందు తల కిందికి వంచాలి. తినేది నీళ్ళలాంటిదే కాబట్టి బయటికి వచ్చేస్తుంది. అప్పటికీ ఊపిరాడకపోతే పై పళ్ళను కింది పళ్ళకు కట్టిన నిలువు వైర్లు కత్తిరించండి. తల వెనక్కి వాల్చారా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

కొత్తగూడెం దాటాక అడవి దారి మలుపుల్లో నాకు కడుపు తిప్పింది. బస్సు నిండా మా పక్క ఊళ్ళ జనం. వాళ్ళ ముందు వంగి కక్కడం ఇష్టం లేక నిటారుగా కూర్చుని తల సీటుకు ఆనించాను. జావ పైకి ఎగదన్నింది. బిగించిన పళ్ళకు కొట్టుకుని వెనక్కి గొంతులోకి దిగింది. ఊపిరి ఆగింది.

"వంచు! తల వంచు!" అని అరిచింది సుభద్ర. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నన్ను మీరు అనే పిలిచింది. జుట్టు పట్టుకుని నా తలను మోకాళ్ళ మధ్యకు అదిమింది. నేను గింజుకున్నాను. నా మోచేయి ఆమె రొమ్ముకు తగిలింది. ఆమె వదల్లేదు. వీపు మీద మోకాలు పెట్టి ఇంకా నొక్కింది. కండక్టరు "ఆపన్నా, బస్సాపు!" అని కేకలు. పంటి సందుల్లోంచి, ముక్కులోంచి జావ, నల్లటి నెత్తురు అతని బూట్ల మీద పడ్డాయి. ఊపిరి వచ్చింది. కటర్ వాడే పని పడలేదు.

"సచ్చిపోతుంటే గూడ తల వంచవా?" అంది ఆమె, నా మూతి తుడుస్తూ.

వైర్లు తీశాక దవడ తెరుచుకోలేదు. పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్లలు పేర్చి, ఓర్చుకున్నకొద్దీ ఒక్కొక్కటి పెంచాలి. పుల్ల దోపిన ప్రతిసారీ చెవి వెనక మేకు దిగినట్టుండేది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తీయలేదు.

ఆ ఏటి మైసమ్మ పండుగకు మళ్ళీ బంతిలో కూర్చున్నాను. యాదగిరి నాలుగు విస్తళ్ళ అవతల. అన్నంలో కూర కలిపి, మాంసం ముక్క నోట్లో పెట్టుకున్నాను. పళ్ళు కలిశాయి. ముక్క నలిగింది. ఎంతసేపు నమలాలో అంతసేపు నమిలాను.

"మింగన్నా ఇగ, ఆకలైతున్నది" అన్నాడు యాదగిరి.

ఇంకొంచెం నమిలి మింగాను. వాడి చెయ్యి అప్పుడు విస్తరిలోకి పోయింది.

ఇప్పుడు అన్నీ తింటున్నాను. కింది పెదవికి ఎడమ పక్క స్పర్శ లేదు, రాదన్నారు. అక్కడ మెతుకు అంటితే నాకు తెలియదు. సుభద్ర దూరం నుంచి తన గడ్డం తుడుచుకుంటుంది, నేను నాది తుడుచుకుంటాను.

దవడకు వైర్లు కట్టించుకునే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కటర్‌ను పక్కనుండే మనిషి దగ్గర ఉంచండి, మూటలో కాదు. కడుపులో తిప్పగానే, ఎవరు చూస్తున్నా సరే, తల మోకాళ్ళ మధ్యకు వంచండి.

ఆపరేషన్ ఖర్చులకు, తాత కట్టించిన ఇంటి టేకు దర్వాజాను రెక్కలతో సహా అమ్మాము. అక్కడ ఇప్పుడు రేకు తలుపు ఉంది.