మా తోడికోడలు చదివిన వంటామె కథ

మా తోడికోడలు పోయిందని ఆత్మకూరు బస్సు కండక్టరు చెప్పిపోయాడు. పోయి పదమూడు రోజులైందట. కర్మలు కూడా అయిపోయాయి, మేం రానక్కరలేదని ఆమె అన్న చెప్పి పంపాడు. ఏమైందని కండక్టరును అడిగితే జ్వరమన్నాడు. ఎక్కడ పడుకోబెట్టారని అడిగితే పసుల కొట్టంలో అని, బస్సుకు వేళవుతోందని వెళ్ళిపోయాడు.

ఆమె నా మరిది భార్య. మరిది పోయాక తొమ్మిదేళ్ళు కల్లూరులో మా ఇంటి వెనక గదిలోనే ఉంది. నాకు ప్రతిదానికీ భయం. పొయ్యి ఆర్పామా అని మూడుసార్లు అడిగినా, నవ్వకుండా మూడుసార్లూ లేచి వెళ్ళేది. "ఆరిపోయుండాదక్కా, చెయ్యి పెట్టి చూసినా," అనేది. అంత ఓపిక నా కడుపున పుట్టినవాళ్ళకు కూడా లేదు.

బడిపంతులు కూతురు, చదువొచ్చు. వారపత్రికలో వచ్చిన డిటెక్టివ్ కథను వారం వారం చించి, దారంతో కుట్టి పెట్టుకుంది. ఒక జమీందారును ఎవరో చంపుతారు, ఎవరన్నది తేలాలి. విత్తనానికి శనక్కాయలు వలిచే ఆడవాళ్ళు సగం నోట్లో వేసుకుంటారని నాకు దిగులు. కథ వింటే నోళ్ళు తెరుచుకుంటాయి గాని నమలవని, పోయిన వేసవిలో ఆమెను చదవమన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని గాని పుస్తకం ముట్టేది కాదు. డిటెక్టివ్ మాటలు ముక్కుతో చదివి నవ్వించేది.

అప్పుడు కర్నూలు రాజధాని అయిన కొత్త. గదుల కోసం గుమాస్తాలు కల్లూరు దాకా తిరుగుతున్నారు. ఇవ్వకపోతే సర్కారు ఇల్లే లాక్కుంటుందని ఎవరో అన్నారు. ఆ మాట నన్ను తినేసింది. వెనక గది ఒక గుమాస్తాకు ఇస్తానని, ఆమెను అన్న ఇంటికి పొమ్మన్నాను. అక్కడి వదిన ఎట్లాంటిదో నాకు తెలియక కాదు. ఆమె ఏడవలేదు. "కథ అయ్యేదాంక ఉంటానక్కా," అంది.

మర్నాటి నుంచి కథలోకి ఒక వంటామె వచ్చింది. డిటెక్టివ్‌కు బస కావాలని జమీందారు భార్య వంటామె గది తీసుకుని, ఆమెను అన్న ఇంటికి పంపాలని చూస్తుంది. వసారాలో పడుకుంటాను, ఒక పూటే తింటాను, పంపొద్దని వంటామె బతిమాలుతుంది. ఇది రోజూ కొంచెం కొంచెం వచ్చేది.

పక్కింటి సుంకమ్మ విసుక్కుంది. "ఆయమ్మి యాడికి పోతే మనకేందమ్మా? సంపినోడెవడో చెప్పు!"

"వసారాలో పండుకుంటాదంట! డిటెక్టివ్ కాలికి తగిలి పడితే?" అంది ఇంకొకామె. అందరం నవ్వాం.

"ఆ పిట్టకథ దాటేసి అసలు కథ చదువు," అన్నాను నేను.

ఆమె పుటలో వేలు పెట్టి నా వంక చూసింది. "పెద్ద కథ అందురూ ఇంటారక్కా. కడుపులో మాట చిన్న కథలోనే పెడతారు. ఆమెను పంపొద్దని ఒక్కురన్నా అంటారేమోనని చూస్తాండా."

"కథలో వంటామె కోసం ఎవురేడుస్తారే?" అన్నాను.

ఆమె పుట తిప్పి హత్య జరిగిన చోటు నుంచి చదివింది. వంటామె మళ్ళీ రాలేదు. కథ ముగిసిన రెండో రోజు నేనే బస్సెక్కించి వచ్చాను. పుస్తకం మాకే వదిలిపోయింది.

ఆ చావు కబురు వచ్చాక, ఈ వేసవి శనక్కాయల దగ్గర గుమాస్తా భార్యను అదే కథ మళ్ళీ చదవమన్నాం. ఆమె కూర్చున్నది ఆ వెనక గది గడపలోనే. నాలుగు రోజుల్లో హంతకుడు దొరికాడు. పుస్తకం మూసింది.

"వంటామె రానేలేదే?" అంది సుంకమ్మ.

"ఏ వంటామె?" అని ఆమె పుటలు ముందుకీ వెనక్కీ తిప్పింది. "జమీందారింట్లో వంటవాడు మగాడండీ. అట్లాంటి ఆడమనిషి ఈ కథలోనే లేదు."

వలిచే చేతులు ఆగిపోయాయి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నేను పుస్తకం అందుకుని మొదటి పుట తీశాను. నాకు వచ్చింది రెండో తరగతి చదువు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోతుంటే, ఏ అక్షరమూ రాని సుంకమ్మ నా భుజం మీదుగా వంగి పంక్తి పంక్తికీ అడుగుతోంది.

"ఈడుండాదా అక్కా? ఈడ?"