పులివెందుల నుంచి వచ్చిన కప్లింగు

మొన్న పొద్దున కాఫీ తాగుతూ టీవీ పెడితే, ఏయే దేశాల మేయర్లో ఒక పెద్ద హాలులో కూడి, ఒకరి ఊరిని కష్టంలో ఇంకొకరు ఎలా ఆదుకోవచ్చునో మాట్లాడుకుంటున్నారు. మా ఆవిడ చానల్ మార్చబోతే వద్దన్నాను. వాళ్ల భాష నాకు సగమే అర్థమైంది గానీ, ఆ పని మాత్రం కొత్త కాదు; మా కడప జిల్లాలో హాలూ మైకూ లేకుండా ముగ్గురు మనుషులు అదే పని చేస్తుంటే దగ్గరుండి చూసినవాణ్ణి నేను.

ప్రొద్దుటూరు మున్సిపాలిటీలో నీళ్ల ఫిట్టరుగా చేరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. రాష్ట్రం రెండైన కొత్తలో మాకు చైర్‌పర్సన్‌గా వచ్చినామె గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు, ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మేమంతా అక్కా అనే పిలిచేవాళ్లం. మొదటి రోజు కుర్చీలో కూర్చోమంటే చాలాసేపు దాని పక్కనే నిలబడిపోయింది. అటువంటి మనిషి కొత్త చైర్మన్లకు పెట్టిన శిక్షణ తరగతులకు కడపకు పోయి, అక్కడ జమ్మలమడుగు చైర్మన్ పెద్దాయనతోనూ పులివెందుల చైర్మన్‌తోనూ మాట కలిపి, నెలకొకసారి ముగ్గురూ కలిసేటట్టు ఒప్పించి వచ్చింది. ముగ్గురివీ ఒకే పార్టీ కాదు గనుక ఊర్లో కొందరు నవ్వి, వాటికి భోజనాల మీటింగులని పేరు పెట్టారు. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ మీటింగులకు నన్నూ వెంట తీసుకుపోయేది. ఒకసారి జమ్మలమడుగు పక్కన మైలవరం డ్యాం దగ్గర, ఒకసారి మా ఆఫీసులో, ఇంకోసారి పులివెందులలో. అసలు పని విస్తర్లు తీసేశాక మొదలయ్యేది. ఎవరి ఊర్లో ఎన్ని ట్యాంకర్లు నడుస్తున్నాయి, ఏ మోటారు ఖాళీగా ఉంది, ఏ సైజు పైపు సామాను మిగిలింది, వెల్డింగు బాగా తెలిసిన మనిషి ఎవరు, అతని ఇల్లు ఎక్కడ, అన్నీ అడిగి నాచేత ఒక నోటుబుక్కులో రాయించేది. కాగితం దండగ అనుకుంటూనే రాసేవాణ్ణి.

ఆ ఏడాది వానలకు పెన్న పొంగింది. వరద తీశాక చూస్తే, ఏటి ఇసుకలోని బావుల నుంచి ఊరికి నీళ్లు తెచ్చే పెద్ద పైపు రెండు ముక్కలై పడి ఉంది. కళ్ల ముందు ఏరు నిండా నీళ్లు, ఊర్లో కుళాయిలు ఎండిపోయాయి. పైపును కలపాలంటే దానికి సరిపోయే ఇనుప కప్లింగు కావాలి. మా దగ్గర లేదు, కడపలో దొరకలేదు, చెన్నై నుంచి రావాలంటే వారం పడుతుందన్నారు. సరిగ్గా అప్పుడే నా పెద్దకూతురు కాన్పుకు పెద్దాసుపత్రిలో చేరి ఉంది. ఆసుపత్రికి ఉన్న నీళ్లు సాయంత్రం దాకానే వస్తాయని ఊరందరికంటే ముందు తెలిసినవాణ్ణి నేనే.

అక్క ఏటి గట్టు మీదనే నోటుబుక్కు అడిగి తీసుకుని, ఒక్కొక్క పేజీ తిప్పి, పులివెందుల పేజీ దగ్గర ఆగింది. ఆ సైజు కప్లింగు ఒకటి వాళ్ల స్టోరులో ఉన్నట్టు నా రాతలోనే ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

"అన్నా, మా పైపు తెగిపోయింది. మీ స్టోరులో కప్లింగు ఒకటుందంట. అది మీకూ అవసరమే, తెలుసు. అయినా అడుగుతాండా."

"మాకు కావాల్సినప్పుడు సూద్దాంలేమ్మా. ఇప్పుడే జీపులో ఏసి పంపిస్తాండా," అన్న మాట మా అందరికీ వినబడింది.

తరువాత జమ్మలమడుగుకు చేస్తే పెద్దాయన ఆమెను మాట పూర్తి చేయనీయలేదు. వరద సంగతి విని ట్యాంకర్లు అప్పటికే బయలుదేరదీశాడట.

మధ్యాహ్నానికి జమ్మలమడుగు పేరు రాసి ఉన్న ట్యాంకర్లు ఒకదాని వెనుక ఒకటి మా ఊర్లోకి వస్తుంటే బంగారు అంగళ్లవాళ్లు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. అవి నేరుగా ఆసుపత్రికి పోయాయి. వాటితోపాటు వచ్చి ఏటి దగ్గర దిగిన ఫిట్టరు, నాకంటే నాలుగైదేండ్లు పెద్దవాడైన ముస్లిం, లుంగీ ఎగగట్టి నాకంటే ముందే నడుములోతు నీళ్లలోకి దిగాడు. "యాడ సూస్తాండావప్పా, దిగు," అన్నాడు. ఇంతలో గోనెసంచిలో చుట్టిన కప్లింగు వచ్చింది. మూడు ఊర్ల మనుషులం ఒకే పైపును భుజాన ఎత్తి పట్టుకుని, పొద్దు గుంకే వేళకు చివరి బోల్టు బిగించాం. నేను ఆసుపత్రికి పోయేసరికి నా మనవరాలు పుట్టి ఉంది. జమ్మలమడుగు నీళ్లతో తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు.

మరుసటి ఎండాకాలంలో పులివెందులవాళ్లు అడిగిన మోటారు పంపాలంటే కౌన్సిల్లో కొందరు అడ్డం చెప్పారు. మన ఊరికి పొరపాటున అవసరం వస్తే ఏం చేస్తామన్నారు. అక్క గొంతు పెంచలేదు. "అడుగుదాం. అడిగితే ఇచ్చేవాళ్లు మనకుండారు," అంది. మోటారు ఆ రోజే పోయింది, వానలు పడ్డాక తిరిగి వచ్చింది.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే జరిగిపోతున్నాయి. ఏ ఊర్లో ఏ సామాను ఉందో వేలితో తాకితే తెలుస్తుంది, అది మంచిదే, మా నోటుబుక్కు కంటే వంద రెట్లు మేలు. అయితే ఒకరి ఎదుట ఒకరు కూర్చుని అన్నం తిన్నవాళ్లకు ఉండే చనువు, మీకు అవసరమని తెలుసు అయినా అడుగుతాండా అనగలిగే ఆ చనువు, మన కాలంతోనే పోతున్నదేమోనని నా దిగులు.

పోయిన వేసవిలో మైదుకూరు రోడ్డు మీద అక్క కనిపించింది. పదవి దిగి ఏండ్లయింది, మళ్లీ గొర్రెల వెంట తిరుగుతున్నది. నా ఆరోగ్యం అడగలేదు, మన ఊరి రాజకీయాలూ అడగలేదు.

"ఏమప్పా, పులివెందులకు నీళ్లు బాగా వస్తాండాయా?" అంది.

నాకు తెలియదు. బతుకంతా నీళ్ల పనే చేసిన నేను, పొరుగూరి నీళ్ల సంగతి కనుక్కోవడం ఎప్పుడు మానేశానో ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను.