వుజూ నీళ్లు మంచివేనా?

మదర్సాల్లో సైన్సు కూడా చెప్పాలని అందరూ అంటున్న రోజులివి. చెప్పాక ఏమవుతుందో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కనుక ఇది రాస్తున్నాను.

మందుల ఫ్యాక్టరీలున్న కాజీపల్లి దగ్గర ఒక మదర్సాలో నేను రసాయనశాస్త్రం చెబుతాను. రంగు, రుచి, వాసన మారని నీళ్లతో వుజూ చేయవచ్చని, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవచ్చని, ఈ ఉదయం మౌలానా బోధించారు. ఆ మూడూ మారకుండానే నీటిలో విషం ఉండవచ్చని మధ్యాహ్నం నేను బోధించాను. సాయంత్రం సమీనా అనే విద్యార్థిని మా ఇద్దరినీ వరండాలో ఆపింది.

"మా బోరు నీళ్లతోని వుజూ చేస్తే దాదీకి కాళ్లు మండుతున్నయ్ సార్. ఇగ చెయ్యాల్నా, వద్దా?"

మౌలానా నావైపు తిరిగారు. "నీళ్లు ఖరాబున్నయని మీరు చెప్పుండ్రి సార్. నీళ్లకు బదులు మట్టితోని తయమ్ముమ్ చేసుకోమని నేను చెప్తా."

"పరీక్ష చేయించనిదే చెప్పలేను" అన్నాను.

"మరి మట్టి మంచిదేనా? గది గూడ మా బోరు పక్కదే కదా సార్!" అంది సమీనా.

మౌలానా నవ్వారు. నాకు నవ్వే ఓపిక లేకపోయింది. రెండు చదువులనూ కలపాలని మేము సమావేశాలు పెట్టుకుంటున్నాం. ఆ అమ్మాయి వరండాలోనే కలిపేసింది. రేపు సీసాలో నీళ్లు, పొట్లంలో మట్టి తెమ్మన్నాను. అందాకా దాదీకి, అంటే వాళ్ల నానమ్మకు, క్యాను నీళ్లు ఇమ్మన్నాను. మీరైతే ఏం చెప్పేవారు?

ఆ నీళ్లు గానీ, ఆ మట్టి గానీ ఆ దాదీకి మంచివో కావో ఈ రాత్రికి నాకు తెలియదు.