శనివారం బ్యాలే పీరియడ్

బళ్లో ఉన్నంతసేపూ మా పాప నన్ను "టీచర్" అనేది. గేటు దాటగానే "అమ్మా" అనేది. ఎవరూ నేర్పలేదు. నాలుగో తరగతికి నేనే క్లాస్ టీచర్‌నని తెలిసిన రోజున తనకు తానే పెట్టుకున్న నియమం. ఒకసారి మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే కూడా, వెక్కుతూ, "టీచర్, పడ్డ" అంటూ వచ్చింది.

అప్పుడు మేము పటాన్‌చెరులో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. ఎనభైల చివరి రోజులు. ఆయన ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. మా బడి మెయిన్ రోడ్డుకు వెనక, రేకుల షెడ్డులో ఉండేది. గాలి మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగిందంటే ఎవరూ చెప్పకుండానే పిల్లలు లేచి కిటికీలు మూసేసేవారు. క్లాసులో సగంమంది కార్మికుల పిల్లలు. మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల రైతుల పిల్లలు, బజారులో దుకాణాలున్నవాళ్ల పిల్లలు.

శనివారం చివరి పీరియడ్ ఆటలది. ఆ ఏడు వానలు ఎక్కువ. గ్రౌండంతా బురద. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి ఏం చేయించాలో తోచక, ఒక శనివారం ఇంట్లో ఉన్న టేప్ రికార్డర్, ఒక క్యాసెట్ సంచీలో పెట్టుకొని వెళ్లాను. ఆయన ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరు ట్రైనింగ్‌కి రష్యా పోయి వస్తూ తెచ్చి ఇచ్చిన క్యాసెట్ అది. అట్ట మీద మునివేళ్లపై నిలబడ్డ ఒక అమ్మాయి బొమ్మ, మాకెవరికీ చదవరాని అక్షరాలు. బ్యాలే గురించి నాకు తెలిసిందీ అంతంతమాత్రమే. దూరదర్శన్‌లో ఒకసారి చూశాను. మాట్లాడరు, పాడరు. వెనక వాయిద్యాలు మోగుతుంటే ఒంటితోనే కథ చెబుతారు. పిల్లలకూ అదే చెప్పి, క్యాసెట్ పెట్టాను.

"పాట ఎప్పుడు షురువైతది టీచర్?" అని ఒకడు అడిగాడు.

"పాట ఉండదు. ఇదే."

క్లాసంతా గొల్లున నవ్వింది. కళ్లు మూసుకొని వినండి, ఏం కనబడిందో చెప్పండి అన్నాను. కాసేపు ముసిముసి నవ్వులు. వయొలిన్లన్నీ ఒక్కసారిగా పైకి లేచిన చోట నవ్వులు ఆగిపోయాయి.

"ఎవలో ఉరుకుతున్నరు టీచర్."

"కాదు, వాన. రేకుల మీద వాన."

"మా నాయిన డ్యూటీకి పోతుండు. సైకిల్ జల్దీ జల్దీ తొక్కుతుండు."

మా పాప చెయ్యి ఎత్తలేదు. ఇంటికి పోయేటప్పుడు నా కొంగు పట్టుకొని నడుస్తూ అంది. "అమ్మా, ఆఖర్ల ఒక్కటే మోగింది సూడు, సన్నగ. ఎవలో ఇల్లు దొర్కక తిరుగుతున్నట్టు లేదూ?"

వానలు తగ్గాక కూడా పిల్లలు గ్రౌండుకు పోదామనలేదు. ఆ గంటకు బ్యాలే పీరియడ్ అని వాళ్లే పేరు పెట్టారు. నాకు తెలిసింది కొంచెమే కాబట్టి కొంచెమే నేర్పాను. ఎక్కడ సంగీతం పెరుగుతోంది, ఎక్కడ తగ్గుతోంది, ఇప్పుడు మోగుతున్నది పిల్లనగ్రోవిలాంటిదా, తీగలదా. మొదట చేతులు మాత్రమే ఆడించమన్నాను. తర్వాత చెప్పులు విడిచి మునివేళ్ల మీద లేవమన్నాను. కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి ఒకతి ఉండేది. ఆ పిల్ల లేచి తిరిగితే మిగతావాళ్లు ఊరికే చూస్తుండిపోయేవారు.

మా పాపకు మాత్రం అడుగు కలిసేది కాదు. అందరూ ఇటు తిరిగాక తను తిరిగేది.

"నువ్వెందుకు వెనకబడుతున్నావ్?" అని క్లాసులోనే అడిగాను.

"వినుకుంట వినుకుంట కాళ్ల సంగతి యాదిమరుస్తున్న టీచర్" అంది.

బడి వార్షికోత్సవానికి ఈ డ్యాన్సు పెడదామని పిల్లలు పట్టుబట్టారు. పెద్ద మేడం క్యాసెట్ విని, "ఇది మనోళ్లకు సమజైతదా?" అని సందేహపడింది కానీ, పిల్లల మొహాలు చూసి సరేనంది. కథ మేమే అల్లుకున్నాం. నడుమ ఒక చెట్టు, చుట్టూ పిట్టలు. ముందు పిట్టలు భయపడతాయి. చెట్టు కదలకుండా నిలబడుతుంది. ఒక్కో పిట్టా దగ్గరికి వస్తుంది. చెట్టుగా మా పాపను పెట్టాను. రెండు చేతులూ పైకెత్తి, కదలకుండా నిలబడటమే పని. ఇక కాళ్ల గొడవ లేదు. ఎంత సంబరపడిందో! ఇంట్లో స్టవ్వు పక్కన నిలబడి చేతులెత్తి, "అమ్మా, అంకెలు లెక్కవెట్టు, ఎంతసేపుంటనో సూడు" అనేది.

చలికాలంలో జ్వరం వచ్చింది. బజారులో డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గినట్టే తగ్గి, ఒక తెల్లవారుజామున మెడ నిలపలేకపోయింది. ఆయన డ్యూటీ నుంచి రాగానే ఆ బట్టలతోనే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మెదడువాపు అన్నారు. మంచం పక్కన కూర్చొని కాళ్లు రాస్తూ ఉన్నాను. కళ్లు తెరిచింది. బళ్లో ఉన్నాననుకుంది కాబోలు, నా వైపు చూసి, "టీచర్, నీళ్లు తాగొస్త" అంది.

"పోయి రా బిడ్డా" అన్నాను.

అంతే. తర్వాత మాట్లాడలేదు. మర్నాడు పోయింది.

నెల దాటాక బడికి వెళ్లాను. ఇంట్లో ఉండలేకపోయాను. ఆయన అన్నం ముందు కూర్చొనేవాడు, చెయ్యి కడుక్కొని లేచేవాడు. ఏడ్చేవాడు కాదు. క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. అటెండెన్స్ పిలిచాను. ఆ పేరు ఎవరో అప్పటికే తీసేశారు. ఒక పేరు నుంచి ఇంకో పేరుకు పోయే మధ్యలో ఆగిపోయాను. పిల్లలు తలలు దించుకున్నారు.

పెద్ద మేడం పిలిచి, "డ్యాన్సు ఇడ్సిపెడదాం. నీకెందుకమ్మా ఈ తిప్పలు" అంది.

"చేయిస్తాను మేడం" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. మా పాప విన్నది ఇంకా ఎక్కడో మోగుతూ ఉండాలనిపించిందేమో.

ఆ శనివారం కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయిని పిలిచి నడుమ నిలబెట్టాను. ఆ పిల్ల బెదురుతూనే చేతులెత్తింది. సోమవారం పొద్దున, బెల్లు కొట్టకముందే, వాళ్లమ్మ వచ్చింది. దుకాణం తెరిచే వేళ. కొంగు నిండుగా కప్పుకొని వరండాలో నిలబడింది. నన్ను చూడగానే కళ్లు తుడుచుకుంది.

"టీచరమ్మా, నీ దుఃఖం నాకెరుకే. నీ కాళ్లు మొక్కుత. తప్పు పట్టకు."

"చెప్పండమ్మా."

"పోయిన పిల్ల జాగల నా పిల్లను నిలవెట్టకు. రాత్రి చెప్పింది నాకు. అప్పటిసంది కండ్లు మూస్తే భయమైతుంది. నాకున్నది గా పిల్ల ఒక్కతే."

నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. "నిలబెట్టనమ్మా" అన్నాను. ఆమె నా చేతులు రెండూ పట్టుకొని, కళ్లకు అద్దుకొని వెళ్లిపోయింది.

మళ్లీ శనివారం వచ్చింది. క్లాసుకు చెప్పాను, ఈ డ్యాన్సు మానేస్తున్నాం, దానికి బదులు కోలాటం వేద్దాం అని. చివరి బెంచీలో కూర్చునే పిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, లేచి నిలబడింది.

"టీచర్, ఒక్కపారి జేద్దాం. స్టేజి మీద కాదు. గిక్కడనే."

"నడుమ ఎవరు నిలబడతారమ్మా?"

"మీరు నిలవడుండ్రి."

క్లాసంతా నా వైపు చూసింది. టేప్ రికార్డర్ తీసి బల్ల మీద పెట్టాను. బెంచీలు గోడకు జరిపారు. ఎవరో క్యాసెట్ పెట్టారు. నేను నడుమ నిలబడి చేతులు పైకెత్తాను. పిల్లలు దూరం నుంచి మొదలుపెట్టారు, వొట్టి కాళ్లతో, మునివేళ్ల మీద. సంగీతం పెరిగినచోట గుండ్రంగా తిరిగారు. తగ్గినచోట ఒక్కొక్కరే దగ్గరికి వచ్చారు. నేను కదలకూడదు. చెట్టు కదలదు. ఆ సన్నటి వాయిద్యం ఒంటరిగా మోగే చోటికి వచ్చేసరికి చేతులు వణికిపోతున్నాయి. ఇల్లు దొరకక తిరుగుతున్నట్టుందని తను అన్న చోటు అది. అది ఎక్కడ తిరుగుతోందో వినాలని ప్రయత్నించాను. కళ్లనిండా నీళ్లు, పిల్లలు మసకబారిపోయారు. అయినా చేతులు దించలేదు. ఆఖరి పిట్ట కిరాణా దుకాణం వాళ్ల అమ్మాయి. వచ్చి నా నడుముకు తల ఆనించింది. క్యాసెట్ టక్కుమని ఆగాక కూడా తల తీయలేదు.

ఆ సాయంత్రం నీళ్ల బిందె ఎత్తలేకపోయాను. ఆయన చూసి, "ఏందే, చేతులు నొస్తున్నయా?" అన్నాడు. జరిగింది చెప్పాను. వింటూ వింటూ గడపలో కూలబడ్డాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకొని గట్టిగా ఏడ్చాడు, బిడ్డ పోయిన తర్వాత మొదటిసారి. నేను పక్కన కూర్చున్నాను. అన్నం వండలేదు.

వార్షికోత్సవంలో పిల్లలు కోలాటం బాగానే వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక వరుసలో కూర్చున్నాను. కిరాణా దుకాణం ఆమె వచ్చి పక్కన కూర్చొని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. ప్రోగ్రాం అయ్యేదాకా వదల్లేదు. స్టేజి మీద ఆమె కూతురు కోలలు కొడుతూ నవ్వుతోంది. ఆ పిల్లను చూస్తూ కూర్చున్నాను. చూడకుండా ఉండలేకపోయాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. సంగారెడ్డిలో, పటేల్‌గూడలో. లెక్కలు చెప్పాను, తెలుగు చెప్పాను. ఆ సంగీతం మాత్రం ఇంకే క్లాసులోనూ వినిపించలేకపోయాను.