జాడీలో బీట్‌రూట్

ఆస్పత్రిలో చియోకోకు కొడుకు పుట్టి వారమైంది. బిడ్డ బంగారంలా ఉన్నాడు. కానీ ఆమె మనసంతా ఇంట్లో, నేలమాళిగలో ఉన్న జాడీ మీదే ఉంది.

జాడీలో ఉన్నది ఉప్పు కలిపిన తడి తవుడు. అందులో ముల్లంగిని కప్పెడితే మర్నాటికి కమ్మగా ఊరుతుంది. రోజూ చేయి పెట్టి అడుగుదాకా కలపాలి, లేకుంటే కుళ్లిపోతుంది. యుద్ధం ముగిశాక అమెరికా సిపాయి లైల్‌ను పెళ్లాడి, సముద్రం దాటి అతని ఊరు నెబ్రాస్కాకు వస్తూ, పుట్టింటి జాడీలోని తవుడు పిడికెడు ఎండబెట్టి తెచ్చుకుంది. ఇక్కడి గోధుమ తవుడులో దాన్ని బతికించుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది. మరుసటి ఏడే అమ్మ పోయింది. ఇప్పుడది పాడైతే ఇంకో పిడికెడు ఇచ్చేవాళ్లు లేరు.

"రోజూ కలుపుతున్నారా?" అని అడిగితే మొగుడు మహానుభావుడు నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో! కోతల హడావిడిలో మర్చేపోయానే!"

చియోకో గోడవైపు తిరిగి ఏడ్చింది. ఇక అత్త ఎడ్నా సంగతి సరేసరి. "ఆ కంపు జాడీని పందులకు పోసేస్తా చూడు" అని మొదటినుంచీ సాధిస్తున్న మనిషాయె.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అత్త ఎదురైంది. చేతులకు చర్చికి వేసుకునే తెల్ల గ్లౌజులు! వంటింట్లో, పనిరోజున!

"చేతులకేమైంది అత్తయ్యా?"

"ఏం కాలేదు. చలి."

జూలైలో చలేమిటి? బిడ్డను లైల్‌కిచ్చి చియోకో మెల్లగా మెట్లు దిగింది. మూత తీసింది. కుళ్లు వాసన లేదు, తాజా పులుపు. కానీ తవుడంతా ఎర్రెర్రగా ఉందేం? చేయి పెట్టి తడిమితే బీట్‌రూట్ ముక్క దొరికింది. దానికి లవంగం గుచ్చి ఉంది!

"నువ్వు కలుపుతుంటే తొంగిచూసేదాన్నిలే," వెనకనుంచి అత్త గొంతు. "రోజూ అలాగే కలిపా. ఊరికే ఉండలేక మా బీట్‌రూట్ వేశా. ముదనష్టపుది, రంగంతా వదిలేసింది. పాడైపోయిందా అమ్మాయ్?"

"లేదు. లవంగమెందుకు?"

"బీట్‌రూట్‌కి లవంగం వెయ్యరా? ఏం తిని బతుకుతారే మీ ఊళ్లో!"

చియోకోకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్త చేతులకున్న గ్లౌజులు తనే లాగేసింది. మణికట్టుదాకా ఎరుపే. ఆ చేతులను ముఖానికి ఆనించుకుంది. అచ్చం అమ్మ చేతుల వాసన.

"ఎంత రుద్దినా పోవట్లేదే," అత్త సిగ్గుపడింది.

"రుద్దకండి అత్తయ్యా," అంది చియోకో.