ఇంజనుకు పోసిన తాగునీరు

జరిగిన అన్యాయాలను ముందు వరసగా రాస్తున్నాను.

2002 వర్షాకాలం: మా నీళ్ళబండి నడిపిన డ్రైవరుగారికి రైల్వే వారు అభియోగపత్రం ఇచ్చారు. నేరం, అనుమతి లేకుండా ఇంజనులో రసాయనం కలపని నీరు పోసి దానికి నష్టం కలిగించడం.

2003: ఆయనను మెయిన్ లైను నుంచి తప్పించి, యార్డులో రైలు పెట్టెలు అటూ ఇటూ జరిపే పనికి వేశారు.

2004: నీరు పోయమని ఉత్తర్వు ఇచ్చింది నేనని నేను రాసిన అర్జీ తిరిగి వచ్చింది. ‘అర్జీదారునికి ఈ విషయంతో సంబంధం లేదు’ అన్నారు.

2007: ఆ మచ్చతోనే ఆయన పదవీ విరమణ చేశారు.

సంబంధం ఉందో లేదో మన కోనసీమ వారే చదివి తేల్చండి.

2002 మే నెలలో నన్ను రాజస్థాన్ ఎడారిలోని ఒక చిన్న స్టేషనుకు పంపారు. సరిహద్దు పొడవునా సైన్యం మోహరించి ఉంది. స్టేషనుకు ఒకటే ప్లాట్‌ఫారం. నీడనిచ్చేది నీళ్ళు లేని వాటర్ ట్యాంకు ఒక్కటే. గుడారంలో ఉష్ణమాపకం నలభై ఎనిమిది చూపేది. నేను సుబేదారును. నా కింద ఒక సెక్షను, అంటే పదిమంది జవాన్లు, ఒక రేడియో ఆపరేటరు. పని ఒక్కటే: తాగునీటి ట్యాంకర్ల రైలును కాపలాతో ముందరి శిబిరానికి చేర్చడం. గమ్యం చేరేదాకా ట్యాంకర్ల సీళ్ళు తీయరాదని ఉత్తర్వు.

రైలును లాగేది డబ్ల్యూడీఎం-2 తరగతి డీజిలు ఇంజను. అప్పటికి దేశమంతటా బరువులు మోసిన జాతి అది. రెండువేల ఆరువందల గుర్రాల శక్తి. లోపల డీజిలు కాలి జనరేటరును తిప్పుతుంది, ఆ కరెంటు ఆరు ఇరుసుల మీది మోటార్లకు వెళుతుంది. నిలబడి ఉన్నప్పుడు దాని చప్పుడు డుగడుగమంటూ అరికాళ్ళలోకి వచ్చేది. యుద్ధ టాంకులను చూశాను, ఫిరంగులను చూశాను. అంత ఓపిక గల యంత్రాన్ని మరొకదాన్ని చూడలేదు.

డ్రైవరుగారు అవసరకాలంలో సైన్యంతో పనిచేస్తానని పేరు ఇచ్చిన రైల్వే ఉద్యోగి. మొదటి రోజు నా తెలుగు యాస విని ఇంజను మీంచి కిందికి దిగారు.

“తమరిది ఏ ఊరండీ?”

“అల్లవరం.”

“ఆయ్, మాది కొత్తపేటండి. అయితే మనిద్దరికీ రైలు పరాయి సొమ్మేనండి. మన ఊళ్ళకి ఏరు దాటించే పంటూ బస్సూ తప్ప ఏం వచ్చేయి గనక?”

పట్టా మీద చక్రం జారకుండా చల్లడానికి ఈ ఇంజను తన పెట్టెల్లో ఎండు ఇసుక మోస్తుంది. ఆయన దాన్ని చూపి, “ఎడారికి ఇసుక మోసుకొచ్చేమండి. మా ఆఫీసోళ్ళ తెలివి అట్టా ఉంటదండి,” అన్నారు.

ఇసుక గాలులు రెండు రోజులు వీచాయి. మూడో రోజు ఉదయం బయలుదేరాం. అంతకుముందే శిబిరంలో నీటి ట్యాంకులు అడుగంటాయి. రెండుచోట్ల దిగి పట్టాల మీది ఇసుక పారలతో ఎత్తాం. పదకొండు గంటలకు, చుట్టూ ముళ్ళకంప తప్ప ఏమీ లేనిచోట, ఇంజను తనంతట తానే ఆగిపోయింది.

ఇంజనును చల్లబరిచే నీటి గొట్టం అతుకు దగ్గర చీలింది. నీటిమట్టం తగ్గితే ఈ ఇంజను కాలిపోకుండా తననుతాను ఆపుకుంటుంది. డ్రైవరుగారు చీలిక మీద రబ్బరు చుట్టి తీగతో బిగించారు. ధార చుక్కలైంది. కారిపోయిన నీరు మాత్రం తిరిగి పోయాలి. రసాయనం కలిపిన నీరే పోయాలని నియమం. అది షెడ్డులో ఉంది. మరో ఇంజను రావాలంటే మర్నాడే.

రేడియోలో శిబిరం కెప్టెను అడిగారు. “నీళ్ళబండి ఎక్కడ?”

“దారిలో ఆగింది, సర్. ట్యాంకరు సీలు తీసి ఇంజనుకు పోస్తే కదులుతుందంటున్నారు.”

గరగరల మధ్య కెప్టెను గొంతు వచ్చింది.

“ఇక్కడ ముగ్గురు వడదెబ్బతో పడి ఉన్నారు. సీలు తీయమని నేను చెప్పలేను. వద్దని కూడా చెప్పను.”

నేను కటింగ్ ప్లయరు తీసుకుని సీలు కోశాను. “పోయండి. ఉత్తర్వు నాది,” అన్నాను.

జవాన్లు ట్యాంకరు నుంచి ఇంజను పైదాకా వరసగా నిలబడ్డారు. డ్రైవరుగారు మొదటి బకెట్టు అందుకుని, మన గోదావరి అలవాటు ప్రకారం, గిరగిరా తిప్పి తొలిచి, ఆ నీళ్ళు ఇసుకలో పారబోశారు. వరస మొత్తం కొయ్యబారింది. రేడియో ఆపరేటరుది అనంతపురం.

“ఏం సామీ, మీ గోదారోళ్ళకి నీళ్ళంటే లెక్కే లేదే. ఆ బకెట్టుతో మా ఇంట్లో ఒక పూట గడుస్తాది.”

“అడుగున ఇసుకుందండి బాబూ. అది లోపలికెళ్ళిందంటే మీరూ నేనూ ఇక్కడే కాపరం పెట్టాలండి.”

“కాపరమా? మీతోనా?”

జవాన్లు నవ్వారు. చేతులు మళ్ళీ కదిలాయి. ట్యాంకరులో నీరు ఎండకు కాగి ఉంది. వేడి ఇంజనుకు అదే మేలని డ్రైవరుగారు చెప్పారు, చన్నీరైతే లోపల చిట్లేదట. ఎన్ని బకెట్లు పోసినా, లోపలి నీటిని చూపే గాజుగొట్టంలో మట్టం లేవలేదు. పెదవులు పగిలి ఉన్నా ఆయన ఒక్క గుక్క తాగలేదు. చివరికి మట్టం గీత తాకింది.

మొదటిసారి స్టార్టు చేస్తే ఇంజను మూలిగి ఆగింది. రెండోసారీ అంతే. బ్యాటరీలకు మరొక్క ప్రయత్నానికే శక్తి ఉందన్నారు ఆయన. మూడోసారి ఒక దగ్గు, గుప్పున నల్లటి పొగ, ఆపైన ఆ డుగడుగ. ఆయన మెట్టు మీద కూర్చుని, “ఎంత మంచిదండి ఇది,” అన్నారు, సొంత మనిషి గురించి చెప్పినట్టు.

మధ్యాహ్నం రెండుకు శిబిరం చేరాం. వడదెబ్బ తగిలిన ముగ్గురూ బతికారు. ఇంజనును షెడ్డులో కడిగి మందునీరు నింపారు. వారం తిరగకుండా అదే ఇంజను మళ్ళీ నీళ్ళు తెచ్చింది. నష్టం ఎక్కడ జరిగిందో అభియోగపత్రం చెప్పదు.

అక్టోబరులో శిబిరాలు ఎత్తివేశారు. నేను రాజమండ్రిలో రైలు దిగి, బస్సులో గోదావరి దాటి ఇల్లు చేరాను. కాలువల నిండా నీళ్ళు. నా కళ్ళముందు మాత్రం ఆ మధ్యాహ్నమే ఉంది. దాహం తీరిన జవాన్లు ఒక్కొక్కరే వచ్చి ఇంజను పక్కను తట్టి వెళ్ళారు. దుమ్ము పట్టిన ఆ ఇనుము మీద తడి అరచేతుల ముద్రలు వరసగా పడ్డాయి. కాలే రేకు మీద అవి చూస్తూండగానే ఆరిపోయాయి.

సంబంధిత రైల్వే కార్యాలయాన్ని నేను అడుగుతున్నది ఇది. ఆ రోజు నీళ్ళు పోయకుండా డ్రైవరుగారు ఏం చేసి ఉండవలసిందో నియమం చూపి చెప్పాలి. ఉత్తర్వు నాదని తెలిసీ నన్ను సాక్షిగానైనా ఎందుకు పిలవలేదో చెప్పాలి. ఆయన సర్వీసు పుస్తకంలో ఇంజనుకు నష్టం కలిగించారని రాసిన వాక్యాన్ని కొట్టివేయాలి. జవాబు లిఖితపూర్వకంగా, బాధ్యుడైన అధికారి సంతకంతో, ఆయన జీవించి ఉండగానే, కొత్తపేటకు ఆయన పేరనే రావాలి. నకలు నాకు అక్కరలేదు.