జల్లెడ గుడ్డల బొంత

పందొమ్మిదేళ్ళుగా ప్రతి మంగళవారం సముద్రంలోంచి నీళ్ళు తోడి తెచ్చేది ఒకరు, తోడినట్టు సంతకం పెట్టేది మరొకరు. తీరాన ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో నమూనా ఫారం మీద ‘నీళ్ళు తీసినవారు’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో సూపర్‌వైజరు సంతకం చేసేవాడు. పడవ ఎక్కితే ఆయనకి కడుపులో తిప్పుతుంది. అందుకని ఫ్యాను కింద కూర్చుని ‘అలలు మధ్యస్థం’ అని రాసి, కింద పేరు గీకేవాడు.

తోడి తెచ్చే మనిషిని అందరూ నీళ్ళక్క అంటారు. కాంట్రాక్టు మీద పనిచేసే అటెండరు. పదకొండు నెలలకోసారి ఆమెను పనిలోంచి తీసేసి, ఒక్కరోజు ఇంట్లో కూర్చోబెట్టి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటారు. పర్మనెంటు అడగకుండా ఉండటానికి అదో ఏర్పాటు. కాగితాల ప్రకారం ఆమె ఎప్పుడూ కొత్త మనిషే. నీళ్ళక్క దీని మీద ఎవరితోనూ గొడవ పడలేదు. ఆ ఒక్కరోజూ మిట్టమధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుని, “ఇవాళ నేను నిరుద్యోగిని, నన్ను లేపకండి” అని ఇంట్లోవాళ్ళని నవ్వించేది.

ఆ నీళ్ళతో ఏం చేస్తారో చెప్పాలి. చేప బతకాలంటే నీళ్ళలో కంటికి ఆనని పచ్చటి జీవులు బతకాలి. వాటికి నత్రజని కావాలి. గాలి నిండా నత్రజనే, కానీ అది తాళం వేసిన కొట్టులో ధాన్యంలాంటిది. ఆ తాళం తీయడం కొన్ని రకాల సూక్ష్మజీవులకే తెలుసు. వేరుశనగ వేళ్ళ బుడిపెల్లో కాపురముండేవి నేలలో చేసే పనే, ఇవి సముద్రంలో చేస్తాయి. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తాయి, ఇరుగుపొరుగు జీవులన్నీ దాన్ని పంచుకు తింటాయి. ఈ తీరంలో ఆ పని ఎంత జరుగుతోందో కొలవడం కేంద్రం బాధ్యత. సముద్రపు నీళ్ళు సీసాల్లో నింపి, తర్వాత గుర్తుపట్టడానికి వీలుగా కాస్త బరువైన నత్రజనిని అందులోకి ఎక్కించి, డాబా మీద నీళ్ళ తొట్టిలో ఒకరోజు ఉంచుతారు. ఆ పైన వడగట్టి, జీవుల ఒంట్లోకి ఎంత చేరిందో యంత్రంలో చూస్తారు. పందొమ్మిదేళ్ళూ జవాబు సున్నాకి అటూ ఇటూగానే వచ్చింది.

సీసాల్లో పోసేముందు నీళ్ళని సన్న జల్లెడ పట్టాలన్నది మొదటి డైరెక్టరు పెట్టిన నియమం. రొయ్యపిల్లల్లాంటివి లోపల పడితే మిగతావాటిని తినేస్తాయని ఆయన భయం. ఆయన రిటైరైనా నియమం రిటైరు కాలేదు. జల్లెడని ఉప్పు తినేయకుండా తుడిచే పని నీళ్ళక్కది. ఆమె భర్త టైలరు. కొట్లో మిగిలిన తెల్ల లైనింగు పీలికలు తెచ్చి, వారానికొకటి చొప్పున వాడేది. ఎండలు ముదిరిన నెలల్లో జల్లెడ మీద గోధుమరంగు రంపపు పొట్టులాంటిది పేరుకునేది. దాన్ని తుడిచిన గుడ్డ మధ్యాహ్నానికల్లా గులాబిరంగుకి తిరిగేది.

మొదటి ఎనిమిదేళ్ళూ ఆ గుడ్డలు పారేసింది. ఓ ఏడు ఆ రంగు మరీ ముద్దొచ్చి, ఉతికితే పోతుందని నీడన ఆరబెట్టి, బొంత కుట్టిపెట్టమని భర్తని అడిగింది. రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు, వారానికొకటి. ఏడాదికో వరస. పడవ వెళ్ళని వారం నల్లముక్క.

“ఏమే, ఊళ్ళో ఆడవాళ్ళు బొంతలు కప్పుకోవడానికి కుట్టించుకుంటారు. నువ్వేమో చేపలబుట్ట వాసన కోసం కుట్టిస్తున్నావు” అనేవాడు టైలరు. అంటూనే కుట్టేవాడు. పదకొండేళ్ళలో పదకొండు వరసలైంది. ఎవరూ కప్పుకోలేని ఆ బొంత మడతపడి, మిషను కింది పెట్టెలో చీకట్లో ఉండేది.

కిందటేడు కేంద్రానికి కబురొచ్చింది. ఇన్నేళ్ళు కొలిచినా ఏమీ దొరకని చోట ఇంకా కొలవడం దేనికి, కమిటీ వచ్చి చూసి ఆపేస్తుంది అని. పడవ ఆగితే నీళ్ళక్క పని ఆగినట్టే. ఈసారి ఇంట్లో కూర్చున్న ఆ ఒక్కరోజుకి మర్నాడు ఉండదు. ఆ సంగతి ఇంట్లో చెప్పి, ఆ పూట ఆమె నవ్వించలేదు.

అదే నెలలో ఒక పరిశోధకురాలు కొత్తగా చేరింది. చిన్నమేడం అనేవారు. వచ్చిన వారమే పడవ ఎక్కి, రెండుసార్లు వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని మళ్ళీ నోటుపుస్తకం తీసింది. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న ఆమె అడిగింది.

“అక్కా, జల్లెడలో మిగిలిన ఈ పొట్టుని ఏం చేస్తారు?”

“తుడిచేస్తానమ్మా. చెత్తే కదా.”

చిన్నమేడం ఒక పలుకు తీసి భూతద్దం కింద పెట్టి చూపించింది. సన్నటి పోగులు, కట్ట కట్టినట్టు. గాలిలో నత్రజనిని పట్టే జీవుల్లో ఇదీ ఒక జాతి అనీ, కట్టలుగా కూడి బతకడం వల్ల జల్లెడ దాటవనీ చెప్పింది.

నీళ్ళక్క కాసేపు చూసి అంది: “అయితే ఇన్నాళ్ళూ బియ్యం పారబోసి, కడుగునీళ్ళు తూకం వేశామన్నమాట.”

ఆ వారం సగం సీసాలు జల్లెడ పట్టకుండా నింపారు. అంకెలు ఎగిరి కూర్చున్నాయి. ఇప్పటి డైరెక్టరు మాత్రం నమ్మలేదు. ఒక్క వారం ఫలితం ఫలితమే కాదన్నాడు. సీసాలు సరిగ్గా కడిగి ఉండరన్నాడు. ఆ సీసాలు కడిగే నీళ్ళక్క ఎదురుగానే అన్నాడు. వెనకటి ఏళ్ళలోనూ ఈ పొట్టు వచ్చిందనడానికి ఆధారం ఏదీ అన్నాడు. కమిటీ రావడానికి పది రోజులుంది, పోయిన ఏళ్ళని మళ్ళీ తోడి తేలేరు.

సీసాల మాట నీళ్ళక్కకి గుచ్చుకుంది. ఇంటికెళ్ళి పెట్టె తెరిచింది.

కమిటీ వచ్చిన రోజు భార్యాభర్తలిద్దరూ బొంత మోసుకొచ్చారు. బల్ల చాలక ఒక కొస టైలరు పట్టుకు నిలబడ్డాడు, మెడలో టేపుతోనే. వరసవరసలోనూ గులాబిరంగు సరిగ్గా ఎండలు ముదిరిన అవే వారాల దగ్గర గుమిగూడి ఉంది. కమిటీ పెద్దాయన వంగి వాసన చూసి నాలుగు తుమ్ములు తుమ్మాడు. తర్వాత వేలు పెట్టి అడిగాడు, ఈ నల్లముక్క ఏమిటని.

“ఆ మంగళవారం తుఫానండీ. పడవ కదల్లేదు.”

సరిచూద్దామని ఆ వారం ఫారం తీయించారు. ‘అలలు మధ్యస్థం’ అని ఉంది, కింద సూపర్‌వైజరు సంతకం. నెలకి సరిపడా ఫారాలు ముందే నింపి పెట్టుకోవడం ఆయన అలవాటు. సూపర్‌వైజరు ఫ్యాను వంక చూశాడు.

“సారు గదిలో అలలు ఎప్పుడూ మధ్యస్థమేనండీ” అంది నీళ్ళక్క. ముందు టైలరు నవ్వాడు, బొంత కొస జారింది. ఆ తర్వాత పెద్దాయన నవ్వాడు.

కొలవడం ఆగలేదు. జల్లెడ నియమం పోయింది. పొట్టునీ నీళ్ళనీ ఇప్పుడు విడివిడిగా కొలుస్తున్నారు. ఎండాకాలంలో ఈ తీరపు చేపకి అందే తిండిలో ఆ పొట్టుది చిన్న వాటా కాదని అంకెలు చెబుతున్నాయి. ఫారంలో గడి కూడా నీళ్ళక్కదైంది. మొదటిసారి సంతకం చేసిన రోజు గడి చాలక పక్క గడిలోకి కూడా వెళ్ళింది. ఇన్నేళ్ళ బాకీ కదా, ఆ మాత్రం చోటు పడుతుందని టైలరు తీర్పు.

ఇంతవరకూ బాగుంది. కానీ కేంద్రం నివేదిక ముసాయిదా వచ్చింది. అట్ట మీద నలుగురి పేర్లు, డైరెక్టరుది మొదట. చిన్నమేడం పోట్లాడినా ఐదో పేరు చేరలేదు. చివరి పేజీలో ‘సహాయక సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఒక ముక్క. బొంతని ‘స్థానికంగా లభించిన వస్త్ర నమూనాలు’ అన్నారు, ఆ వస్త్రాలు వానలో కురిసినట్టు. పదకొండు నెలల ఏర్పాటు అలాగే ఉంది. వచ్చే నెల నీళ్ళక్క మళ్ళీ ఒకరోజు నిరుద్యోగి.

ముసాయిదా మీద జనం అభిప్రాయాలు ఈ నెలాఖరు దాకా తీసుకుంటారు. ఆ పరిశోధన కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి, పెద్దది అక్కర్లేదు. నీళ్ళు తోడిన మనిషి పేరు అట్ట మీద ఉండాలని ఒక వాక్యం, ఆ ఒక్కరోజు ఇంట్లో కూర్చోబెట్టే పద్ధతి తీసేయాలని ఇంకో వాక్యం, చాలు. ఆ తర్వాత మీకు దగ్గర్లోని ఆసుపత్రికో, నీటి పరీక్షల కేంద్రానికో వెళ్ళినప్పుడు ఫారంలో ఆ గడి చూడండి. సంతకం పెట్టినవాళ్ళ చెయ్యి ఎప్పుడైనా తడిసిందా అని అడగండి.